కనుమకు అటొక చెవి, ఇటొక చెవి

బందీపూర్‌లో మంచు పడ్డ మర్నాడు, కనుమకు అవతలి గురేజ్ నుంచి సమద్ భార్య టైర్ల కొట్టుకు వచ్చింది. కొట్టతను పొడుగాటి ఫిరన్ అంగీ కింది నిప్పుల కుంపటి పక్కన పెట్టి లేచాడు.

"రా వదినా. సుమో ఎవరు నడుపుతున్నారిప్పుడు?"

"మా పెద్దాడు. మంచు టైర్లు నాలుగూ కొత్తవే వెయ్యి."

"ఇదిగో, గోటితో నొక్కి చూడు. ఎంత చలికీ గట్టిపడదు."

"మీ అన్నకీ ఇదే మాట చెప్పావు."

అతను టైరును గోడకు ఆనించాడు.

"టైర్లు మోసం చెయ్యలేదు వదినా. కనుమ మీద దర్గా దగ్గర చక్రాలకున్న గొలుసులు విప్పకపోతే సమద్ అన్న ఇవాళ ఉండేవాడు."

"అందరూ అక్కడే విప్పుతారుగా. ఎక్కడం అయిపోయిందని బాబాకు సలాం చేసి, గొలుసులు వెనక పడేసి దిగిపోతారు."

"దిగేటప్పుడే వాటితో అసలు పని. మీవాడికి నేను చెప్తాలే."

"నేను చెప్పలేదనుకున్నావా? నాన్న జన్మంతా అలాగే దిగాడంటాడు. గొలుసులతో దిగితే తోటి డ్రైవర్లు పిరికోడంటారట."

"మరేం చేస్తావు?"

"గట్టి గొలుసులు చూసివ్వు. తాళాలు కూడా."

"గొలుసులకు తాళాలా?"

"వాడు బండి నీ దగ్గర వదిలి చాయ్ తాగి వచ్చేలోగా చక్రాలకు బిగించి తాళాలు వేసెయ్. ఒక జత తాళంచెవులు నీ దగ్గరుంచు. రెండో జత ఇంట్లో నా దగ్గరుంటుంది. కొండ మీద మాత్రం ఎవరి దగ్గరా ఉండకూడదు."