ఆదివారం రేటు

ఆదివారం పొద్దున్న, మేనేజరు ఇంటి ముందు. కారు ఆయనకి ఆఫీసు ఇచ్చినది. కడుగుతున్నవాడు ఆఫీసులో ఆయన కిందే పనిచేసే స్టోర్సు గుమాస్తా. సెలవు రోజున వాళ్లవీ వీళ్లవీ కార్లు కడిగి ఇల్లు నెట్టుకొస్తున్నాడు. రేపు ఆఫీసులో ఎవరినో ఒకరిని తీసేస్తారన్న గుసగుస వారంగా అతనికి నిద్ర లేకుండా చేస్తోంది.

"మీ దగ్గర డబ్బులేంటి సార్, బాగోదు."

"బాగోకపోవడానికేముంది? పని చేస్తున్నావు, రేటు చెప్పు."

"మీ ఇష్టం సార్."

"నా ఇష్టమైతే యాభై ఇస్తాను. తీసుకుంటావా?"

"తీసుకుంటాను సార్."

"అదే వద్దంటున్నాను. బయటివాళ్లకి ఎంత చెప్తావు?"

"బయటివాళ్లకైతే... ముందు డ్రైవరు సీటు కింద మ్యాటు ఎత్తి చూస్తాను సార్. అది చూశాకే నోరు విప్పుతాను."

"కారు సైజుని బట్టి కాదా?"

"సైజుదేముంది సార్. పెద్ద కారైనా ఒక్కడే తిరిగితే గంటలో అయిపోతుంది. బుల్లి కారులో ముగ్గురు పిల్లలుంటే బిస్కెట్ ముక్కలు ఏరేసరికి నడుం పడిపోతుంది. కుక్క ఉంటే ఇంకో మూడొందలు. పక్కన నిలబడి ఇక్కడ తుడు, అక్కడ తుడు అంటే ఇంకో రెండొందలు."

"నేనూ నిలబడే ఉన్నాగా."

"అయ్యో, మిమ్మల్ని కాదు సార్."

"పాలిష్‌తో కలిపి మొత్తానికి?"

"పదిహేను వందలు చెప్తాను. పన్నెండుకి దిగుతాను."

"ఎందుకు దిగడం?"

"అంతా? అని కళ్లు పెద్దవి చేస్తారు సార్. అది చూడగానే నా నోట్లోంచి పన్నెండు వచ్చేస్తుంది."

"దిగకూడదు. ఖర్చులు పోను ఎంత మిగులుతుంది?"

"ఏదో సార్, పాప ఫీజుకి. ఇవన్నీ మీకెందుకు సార్?"

"ఊరికే. రోజుకి ఎన్ని కార్లు చెయ్యొచ్చు?"

"మూడు."

"రోజూ చేస్తే?"

"రోజూ ఎందుకు చేస్తాను సార్? ఆఫీసు ఉందిగా."

"ఉంది, ఉంది. చేస్తే అని అడుగుతున్నా, అంతే."

"సార్..."

"చక్రం దగ్గర బురద వదల్లేదు."

"వదులుతుంది సార్. ఒక్క మాట అడగనా?"

"ముందు ఆ పైపు కట్టెయ్. నీళ్లు పోతున్నాయి."

"కట్టేశాను సార్. రేపటి సంగతి. క్యాంటీన్లో అందరూ నా వంకే చూస్తున్నారు. ఆఖర్న చేరింది నేనేగా."

"చేరిన వరసలో తియ్యరు."

"మరి ఏ వరసలో తీస్తారు?"

"ఎవరికి ఎక్కువ జీతం ఇస్తున్నామా అని చూస్తారు."

"అలా చెప్పి నన్ను ఊరడించకండి సార్. ఎండాకాలం నీళ్లుండవు, వానాకాలం కారు కడిగించుకునేవాడుండడు. దీన్ని నమ్ముకుని నలుగురం బతకలేం. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. మీ కారు బతికినంతకాలం ఊరికే కడుగుతాను, నా పేరుందో లేదో చెప్పండి."

"అలా అనకు."

"ఉందా?"

"లేదు."

"నిజంగా?"

"నిజంగానే. నీ పేరు లేదు."

"ప్రాణం లేచొచ్చింది సార్. మీరు లెక్కలు తీస్తుంటే నన్ను సాగనంపడానికే అనుకున్నాను. మీ మేలు మర్చిపోను."

"నేను చేసిందేం లేదు. నా చేతిలో ఉంటే కదా."

"మరి ఎవరు సార్ పాపం? మా సెక్షన్ పెద్దాయనా?"

"కాదు. లోపల సీట్లు బాగా తుడు. సాయంత్రం ఆఫీసువాళ్లు వచ్చి కారు తీసుకెళ్తారు."

"సర్వీసుకా సార్?"

"కాదు."

"మళ్లీ ఎప్పుడిస్తారు?"

"మెల్లిగా మాట్లాడు. లోపల మా ఆవిడుంది, తనకింకా తెలీదు."

"ఏం తెలీదు సార్?... సార్?"

"వచ్చే ఆదివారం నేనూ నీతో వస్తాను. రోజుకి నాకెంత ఇస్తావు?"