అత్తగారి పొయ్యిలో పైన్ కొండ

— తాతా, షోకేసులో ఆ చెక్కపువ్వు ఏంటి?

పువ్వు కాదమ్మడూ, కాయ. పైన్ చెట్టు కాయ. ఇదే రాయపూర్‌లో, రైల్వే కాలనీలో, నా క్వార్టరు పెరట్లో కాసింది. ఆఁ, నవ్వు! నవ్వేవాళ్లందరూ ముందే నవ్వేసుకోండి. ఈ దేవేంద్ర నగర్‌లో నన్ను అబద్ధాలకోరు అనే మొనగాడుంటే ఇప్పుడే గేటు తీసుకుని లోపలికి రమ్మను. లేడు కదా? అయితే నా మాటలు పట్టే ఆ టేపు రికార్డరు నొక్కు.

అప్పుడు నేను లోకోషెడ్‌లో ఫిట్టర్ని. ఒంటి చేత్తో ఇంజిను లేపేవాణ్ణి. సరే, రెండు చేతులతో. మీ నాన్నమ్మ పలాస నుంచి కాపరానికొచ్చి మూడు నెలలు. ఆ ఏడు ఎండలెలా ఉన్నాయనుకున్నావు? మా కొళాయి దగ్గర కాకులు లైను కట్టేవి. సన్నబియ్యం కిలో రూపాయిన్నర, అవే తెచ్చి వండించినా పిల్ల ముద్ద ముట్టేది కాదు. లూ అనే ఇక్కడి వడగాలికి వాడిపోయింది. ఉత్తరం అందుకుని మా అత్తగారు దిగింది. మనిషి కాదు, గూడ్సుబండి.

"ఇదేం ఊరు బాబూ? గడ్డే బతకని చోట నా పిల్లేం బతుకుతాది? తీసుకుపోతాను. మళ్లీ పంపుతాననుకోకు," అంది.

నా గుండె జారిపోయింది. కానీ నా నోరు జారదు కదా, అది ఎగురుతుంది. "అత్తా! చల్లటి కొండల మీద పెరిగే పైన్ చెట్టుని ఈ పెరట్లో పెంచి చూపిస్తాను. అది బతికితే మీ పిల్లా బతికినట్టే," అనేశాను.

"దసరాకి చిగురెయ్యాలి. లేదా, పెట్టె సర్దుతాను."

మీ నాన్నమ్మ తలుపు వెనక నిలబడి అంతా వింది. అప్పటికి నాతో గట్టిగా పది మాటలు మాట్లాడిన మనిషి కాదు.

ఛుట్టీ పెట్టి, పాసు తీసుకుని, మూడు బళ్లు మారి హిమాలయాల మొదట్లో ఉన్న కాఠ్‌గోదాం వెళ్లాను. అక్కడి నుంచి కొండెక్కితే ఏముందీ, పైన్ అడివి! కింద సూదుల్లాంటి ఎండాకులు ఎంత మందంగా పరుచుకుని ఉంటాయంటే ఇంకో మొక్క మొలవదు, కాలు నిలవదు. నా ఎదురుగా ఒక చిరుతపులి జారి పడింది. నేనే చెయ్యిచ్చి లేపాను. చిరుత... అంటే పిల్లి కంటే పెద్దదే, ఒట్టు.

చూద్దును కదా, చెట్టుచెట్టుకీ మొదట్లో గాటు పెట్టి కుండమూకుళ్లు తగిలించారు! పలాస అల్లుణ్ణి, తాడిచెట్టు కింద పెరిగినవాణ్ణి, నాకింకేం తోస్తుంది? కల్లు! ఎత్తి గటగటా పోసుకున్నాను. అది జిగురు తల్లీ, టర్పెంటైన్ తీసే జిగురు. పై పెదవి, కింది పెదవి, మీసం, మూడూ కలిసి ఒకటే అయిపోయాయి. జన్మలో నేను మాట్లాడకుండా ఉన్నది ఆ ఒక్క పూటే. ఫారెస్టు గార్డొకడు వచ్చి ఆవనూనె రాసి నోరు ఊడదీశాడు.

వాడే మూడు పైన్ మొక్కలిచ్చాడు. నేను తెలివైనవాణ్ణి కదా, రైల్లో బరువెందుకని వేళ్ల మట్టంతా వాగులో శుభ్రంగా కడిగేశాను. గార్డు తల బాదుకున్నాడు. "అరె భాయ్, ఈ చెట్టు ఒంటరిగా తినలేదు. వేళ్లకి తెల్లటి బూజు పట్టి ఉంటుంది. నేలలోంచి నీళ్లూ సత్తువా అదే తెచ్చి పెడుతుంది, చెట్టు దానికి చక్కెరిస్తుంది. ఆ బూజు మీ ఊళ్లో ఉండదు. ఈ అడివి మట్టి పట్టుకెళ్లు," అన్నాడు. బస్తాడు మట్టి ఎత్తుకున్నాను. బెర్తు మీద మట్టి పడుకుంది, కింద నేను పడుకున్నాను. టీసీ అడిగితే "మా పెద్దాయన, ఒంట్లో బాలేదు" అన్నాను.

ఇంటికొచ్చి బస్తా దించి, దాని సంగతంతా మీ నాన్నమ్మకి చెప్పి, డ్యూటీకి పరిగెత్తాను. సాయంత్రం వచ్చేసరికి బస్తా ఖాళీ!

"మంచి మట్టి తెచ్చావు బాబూ, నల్లగా జిగటగా ఉంది," అంది అత్తగారు. కొత్త పొయ్యి వేసేసింది! అలికేసింది! మంట కూడా పెట్టేసింది! బూజు ఉడికిపోయింది. ఆ పొయ్యి మీద పప్పుచారు వారం రోజులు టర్పెంటైన్ వాసన.

ఏం చేస్తాను? మూడు మొక్కల్నీ మూడు కుండీల్లో మన ఎర్రమట్టిలోనే పాతాను. బూట్లు దులిపితే చిటికెడు దుమ్మొచ్చింది, మొదటి కుండీలో వేశాను. హోల్డాల్, అదే పరుపుచుట్ట, దులిపింది రెండోదాంట్లో. మూడోదానికి ఏమీ మిగల్లేదు. దాని ముందు నిలబడి మీసం మెలేసి, "బతకవే!" అన్నాను. అంతే.

శ్రావణానికి మొదటిది పోయింది. వినాయక చవితికి రెండోది పోయింది. అత్తగారు పెట్టె దులిపి ఎండలో పెట్టింది. నాకు అన్నం సయించలేదు. దసరా ముందు రోజు పొద్దున, మూడో కుండీలో, కొవ్వొత్తిలాగా తెల్లటి చిగురు! అత్తగారు కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చూసింది. పెట్టె పట్టుకుని ఒక్కతే బండెక్కింది. కాలనీ అంతా నా మీసం చూడ్డానికొచ్చారు. పక్కనున్న బీర్‌గావ్ నుంచి కూడా వచ్చారు, సైకిళ్ల మీద.

ఇదీ అందరికీ చెప్పే కథ. ఆ టేపు... సరే, తిరగనీ.

తర్వాత దాన్ని నేలలో పాతుదామని కుండీ పగలగొట్టాను. మన ఊరి ఎర్రమట్టి మధ్యలో నల్లమట్టి, రెండు గుప్పిళ్లుంటుంది. వేళ్ల నిండా తెల్లటి బూజు. ఆ బూజులో ఇరుక్కుని ఒక పిన్నీసు. నెమలి బొమ్మది. పొయ్యి వేసిన రోజు నుంచీ మీ నాన్నమ్మ గాజుకి కనిపించని పిన్నీసు.

అర్థమైందా? వాళ్లమ్మ బస్తా ముట్టుకోకముందే కొంగులో కట్టి, పిన్నీసు పెట్టి దాచింది, తర్వాత ఆ కుండీలో కలిపేసింది. నాలుగు నెలలు పెదవి విప్పలేదు. నేను కడిగి తీసుకెళ్లి ఇస్తే, "ఎక్కడ దొరికింది?" అనైనా అడగలేదు. గాజుకి పెట్టుకుంది. ఇన్నేళ్లలో నేనూ అడగలేదు. మీసం పరువు కూడా చూసుకోవాలి కదమ్మా.

నమ్మవా? సాక్షి పేరు చెప్తాను, టేపులో పడనీ. అప్పలనర్సమ్మ. వంటింట్లో ఉంది. వెళ్లి చేతి గాజు చూడు.