అంకె పక్కన ప్రమాణం అడిగిన మా టీచర్ గారు

ఆ రోజు ఇంట్లో టీచర్ గారు, వారి భర్త, అత్తగారు, కూతురు, కూతురి ఒడిలో జ్వరంతో మూలుగుతున్న ఎనిమిది నెలల పాప ఉన్నారు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, లోపలికి రావాలా వద్దా అని నిలబడ్డ నేను ఉన్నాను.

రెండు పనుల మీద వెళ్లాను. మా రసాయనశాస్త్రం టీచర్ గారి పదవీ విరమణ సందర్భంగా వెలువడే ఈ సంచికలో విద్యార్థుల తరఫున నన్ను రాయమన్నారు కనుక, వారు ఉద్యోగంలో చేరిన తేదీ అడగాలి. సైన్సు కళాశాల ప్రవేశానికి సోమవారం మా పాఠశాలలోనే జరిగే ప్రయోగ పరీక్షకు నేను రానని కూడా చెప్పాలి. ఎవరైనా చూస్తుంటే నా చెయ్యి వణుకుతుంది. వణికే చేత్తో తూకం వేయలేను. ఆ పరీక్ష రాయకపోతే సీటు రాదని తెలిసినా, నలుగురిలో నవ్వులపాలయ్యే కన్నా అదే నయమనుకున్నాను.

"జూన్ నెలాఖరేమో," అన్నారు టీచర్ గారి భర్త, నేను తేదీ అడగగానే.

"1990 జూన్ 18. ఏమో కాదు," అన్నారు టీచర్ గారు వంటగదిలోంచి.

ఆ జూన్ 18న వారు మా పాఠశాలలో అడుగుపెట్టేనాటికి ప్రయోగశాల అనేది లేదు. విరిగిన బల్లలు పడేసే ఇరుకు గది ఒకటి ఉండేది. దాన్ని ఖాళీ చేయించి, సున్నం వేయించి, ఎన్నో అర్జీల తర్వాత ఒక ముల్లు త్రాసును సంపాదించి అందులో పెట్టించారు. గాలికి ముల్లు కదులుతుందని ఆ గదిలో ఫ్యాను బిగించనివ్వలేదు. ఎండాకాలంలో కూడా తలుపు మూసి, మా వెనుక తాము నిలబడి, ముల్లు కుదురుకునేదాకా ఊపిరి కూడా మెల్లగా తీసుకోమనేవారు.

మొదటి సంవత్సరంలోనే వారికి "ఏమిటి టీచర్" అని పేరు పడింది. ఎవరైనా లేచి జవాబు పన్నెండు అంటే, "పన్నెండు ఏమిటి? పన్నెండు గాడిదలా?" అని అడిగేవారు. గ్రాములో, మిల్లీలీటర్లో, ఏదో ఒక ప్రమాణం చెప్పేదాకా కూర్చోనిచ్చేవారు కాదు. ఆ పేరు తమకు తెలుసునని, అది తమకు ఇష్టమేనని ఈ మధ్యనే చెప్పారు.

ప్రతి బ్యాచి చేత దారిలో దొరికిన రాయి సాంద్రత లెక్కకట్టించడం వారి పద్ధతి. రాయిని త్రాసులో తూచాలి, కొలజాడీ నీళ్లలో ముంచి నీరు ఎంత పెరిగిందో చూడాలి, భాగించాలి. చాలా ఏళ్ల క్రితం ఒక అన్నయ్య నలభై అయిదు గ్రాములను పదిహేడు మిల్లీలీటర్లతో భాగించి, క్యాలిక్యులేటర్ చూపించిన 2.6470588 మొత్తం దించేశాడట.

"జాడీ చెప్పింది పదిహేడు, రెండే అంకెలు," అన్నారట టీచర్ గారు. "అందులోంచి రెండు పాయింట్ ఆరు వరకే వస్తుంది. మిగతావి ఎవరు చెప్పారు నాన్నా? రాయి వచ్చి నీ చెవిలో చెప్పిందా?"

ఆ అన్నయ్య ఇప్పుడు మందుల దుకాణం నడుపుతున్నాడు. ఎదురుపడితే ఇప్పటికీ "రెండు పాయింట్ ఆరు, టీచర్" అని దండం పెడతాడు. టీచర్ గారిని మధ్యలో మూడేళ్లు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రానికి పంపితే, అక్కడా పేరు తెచ్చుకుని, పదోన్నతి ఇస్తామన్నా కాదని తిరిగి ఈ ఇరుకు గదికే వచ్చారు. తెలియని అంకెను తెలిసినట్టు రాయకూడదన్న ఒక్క మాట వారు మాకు ఇన్నేళ్లుగా నేర్పారు.

ఆ మాట విలువ నేను కళ్లారా చూసింది ఆ రోజే. పాపకు మందు తెచ్చింది వారి భర్త.

"రెండున్నర పొయ్యమన్నాడు," అన్నారాయన.

"రెండున్నర ఏమిటి?"

"చెంచాలు కాబోలు."

"కాబోలు ఏ కొలతండీ? చీటీ ఏది?"

"దుకాణంలోనే ఉండిపోయింది."

"మేం చేతి అంచనాతోనే పెంచాం పిల్లల్ని," అన్నారు అత్తగారు.

"మీ చెయ్యి వేరు అత్తయ్యా. ఆ చెయ్యి మా ఎవరికీ రాలేదు," అంటూనే టీచర్ గారు దుకాణానికి ఫోన్ చేశారు.

అవతల ఆ అన్నయ్య చీటీ చూసి చదివాడు. "రెండున్నర మిల్లీలీటర్లు టీచర్. సార్‌కి రెండుసార్లు చెప్పాను. మీ దగ్గర చదివి ఉత్త అంకె ఇచ్చి పంపుతానా?"

చెంచాకు అయిదు మిల్లీలీటర్లు. ఆ లెక్కన పాప నోట్లోకి అయిదు రెట్ల మందు పోయేది. ఆయన కుర్చీలో కూలబడి మనవరాలి పాదం పట్టుకున్నారు.

టీచర్ గారు గీతలున్న మందు మూతలోకి సీసా వంచారు. మందు గీత దాటింది. మళ్లీ పోశారు, మళ్లీ దాటింది.

"నా మనవరాలు కదా, చెయ్యి నా మాట వినడం లేదు. అమ్మాయ్, నువ్వు పొయ్యి," అన్నారు.

మూతను బల్ల మీద పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, గీతకు కన్ను సమంగా ఉంచి, మందు పైమట్టం వంపు అడుగు గీతను తాకేదాకా పోశాను. టీచర్ గారు నా పక్కనే వంగి చూసి, "సరిపోయింది," అన్నారు. ఇంట్లో వాళ్లందరూ నా చేతినే చూస్తున్నారన్న సంగతి పాప మందు మింగాక గాని నాకు గుర్తు రాలేదు. మర్నాటికి జ్వరం తగ్గింది.

ఆ రోజు నేను బయలుదేరుతుంటే గేటు దాకా వచ్చి, "ఇంకేదో చెప్పడానికి వచ్చినట్టున్నావు," అన్నారు టీచర్ గారు.

"తేదీ ఒక్కటే, టీచర్."

"అయితే సోమవారం జుట్టు గట్టిగా కట్టుకుని రా. పళ్లెంలో వెంట్రుక పడినా త్రాసు అబద్ధం చెబుతుంది."

టీచర్ గారు నూరు, అంటే నూరు సంవత్సరాలు, ఆరోగ్యంతో, మనవరాలి ఆటపాటలతో, ఎవరు ఏ అంకె చెప్పినా "ఏమిటి?" అని అడిగే ఓపికతో ఉండాలని విద్యార్థులందరి తరఫున మనసారా కోరుకుంటున్నాను. ప్రమాణం రాశాను, టీచర్.

సోమవారం పరీక్ష మా ఇరుకు గదిలోనే జరిగింది. ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు. త్రాసుకు ఎదురుగా పరీక్షాధికారి కుర్చీ వేసుకుని నా చేతులనే చూస్తున్నారు. గుమ్మంలో నిలబడ్డ టీచర్ గారి వైపు చూశాను. ఎప్పటిలా లోపలికి వచ్చి నా వెనుక నిలబడతారనుకున్నాను.

"గాలి తగులుతుంది," అని, వారు బయటే ఉండి తలుపు వేశారు.