మూడో తరగతి బోర్డూ, శివనాగరాజు గారి అనుమానమూ

2022 జూలైలో ఒక సోమవారం ఉదయం, మా బధిర విద్యార్థుల ఆశ్రమ పాఠశాల మూడో తరగతి గదిలో ఉదయశ్రీ టీచర్ గొంతు పోయింది. ఆమె మాట్లాడుతూనే ఉన్నారు, పిల్లలకే వినబడలేదు. టీచరు మెడలోని మైకు నుంచి పిల్లల చెవి యంత్రాలకు మాట రేడియో తరంగాల మీద చేరుతుంది. ఆ రోజు మాటకు బదులు గరగర చేరింది. ఎనిమిదేళ్ళ శ్రీరమ్య యంత్రం తీసి బల్ల మీద పెట్టేసి, మళ్ళీ పెట్టుకోనని తల అడ్డంగా ఊపింది. 1992 ఆగస్టు ఏడో తేదీన విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులుగా ఇక్కడ చేరి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న శ్రీ శివనాగరాజు గారి సేవను తలచుకోవాలంటే ఆ సోమవారం నుంచే మొదలుపెట్టడం న్యాయం.

ఆయన ప్రత్తిపాడు దగ్గర పత్తి రైతు కుటుంబంలో జన్మించారు. ఒక ఏడాది నకిలీ విత్తనాలు వేసి, చేను ఏపుగా పెరిగినా కాయ పట్టక, తండ్రి గట్టు మీద కూలబడిపోవడం చిన్ననాడు చూశారు. సంచి మీది బొమ్మను నమ్మరాదన్నది ఆయన నేర్చిన తొలి పాఠం. కొత్త బ్యాటరీలను కూడా దుకాణంలోనే మీటరు పెట్టి చూసి గాని కొనేవారు కారు. "సీలు కూడా తియ్యలేదు కదండీ మాస్టారూ!" అని కొట్టు నడిపే నజ్మీన్ నవ్వితే, "ఆ సీలు వేసింది కూడా మనిషేగా అమ్మా" అనేవారు. ఆ అనుమానమే బడికి మేలు చేసింది. చెవి యంత్రాల మరమ్మతులు ఆయన చేతుల మీదుగానే జరిగేవి. 2011లో ఎలక్ట్రానిక్స్ వృత్తి విద్యా విభాగం ఏర్పడినప్పుడు దాని బాధ్యత కూడా సహజంగా ఆయనకే దక్కింది.

ఆ జూలైలోనే ఒక పత్తి జిన్నింగు మిల్లు యజమాని ప్రతి తరగతికీ డిజిటల్ బోర్డు బహూకరించారు. గరగరకు ఆ బోర్డే కారణమని శివనాగరాజు గారు అనుమానించారు. అప్పటి ప్రధానోపాధ్యాయులు అంకారావు గారి అనుమానం మాత్రం పిల్ల మీద.

"ఇచ్చినాయన లక్షలు పోసి ఇస్తే వంక పెడతామాండీ? మిగతా పిల్లలు పెట్టుకుని కూర్చోవడంలా? దీనికి చదువంటే బద్ధకం. అన్నీ నాటకాలు. దసరా దాకా చూసి, ఆ యంత్రం వేరే పిల్లకి ఇచ్చేద్దాం."

శ్రీరమ్య తల్లి వెంకటేశ్వరమ్మ కోల్డ్ స్టోరేజీలో మిరప తొడిమలు తీసే కూలీ. ఆమెను పిలిపించి ఈ మాటే చెబితే, "మా పిల్ల మొండిదండీ. అబద్ధాలకోరు మాత్రం కాదు" అని నిలబడింది. ఆ ఏడాదే శ్రీరమ్యకు మాటలు రావడం మొదలైంది. యంత్రం పోతే ఆ వచ్చే మాటలూ ఆగిపోతాయని అందరికీ తెలుసు.

బోర్డు తెరను చీకటి చేస్తే గరగర ఆగలేదు. గోడ స్విచ్చి ఆపితే ఆగింది. బోర్డు లోపల సెకనుకు కోట్లసార్లు కొట్టుకునే గడియారం ఒకటి ఉంటుంది. అది ఒకే లయలో కొట్టుకోవడం వల్ల దాని నుంచి వెలువడే శక్తి కొన్ని స్థానాల్లోనే పోగుపడుతుంది. ఆ పోగుల్లో ఒకటి సరిగ్గా మైకు వాడే తరంగం మీద పడుతోంది. శివనాగరాజు గారు బోర్డు విప్పి, ఆ లయ స్వల్పంగా అటూ ఇటూ ఊగేలా ఒక చిన్న సర్క్యూట్ పలక తయారుచేసి అమర్చారు. బోర్డు విప్పినందుకు, భాగాలు అమ్ముకుంటున్నారేమోనన్న మాట కూడా స్టాఫ్‌రూములో పుట్టింది.

"గడియారమంటే నిలకడగా ఉండాలి గదండీ, మీరేంటి ఊపుతున్నారు?" అన్నారు అంకారావు గారు. "పైగా చప్పుడు తగ్గించలేదు, దాచారు. దొంగ సొమ్ము నాలుగిళ్ళలో పెట్టినట్టుంది మీ లెక్క."

"మొత్తం తగ్గదండీ, నిజమే. కుప్పగా ఉన్న మిరపకాయల్ని కల్లం నిండా పలచగా ఆరబోసినట్టు. ఒకచోట ఘాటు తగ్గుతుంది."

గుంటూరులోని ఒక ఇంజినీరింగ్ కళాశాల నుంచి తెచ్చిన, తరంగాలను కొలిచే పరికరం కూడా ఆ పోగు ఎత్తు తగ్గిందనే చూపించింది. అయినా శ్రీరమ్య యంత్రం తీసేసింది. అప్పుడు, ఎవరినీ ఊరికే నమ్మని శివనాగరాజు గారు పరికరాన్ని నమ్మి పిల్లను అనుమానించారు. ఉదయశ్రీ టీచర్ ఒకే మాట అడిగారు: "వినాల్సింది మీటరా అండీ, పిల్లా?"

ఆయన శ్రీరమ్య యంత్రాన్నే తన చెవికి పెట్టుకుని బోర్డు ముందు కూర్చున్నారు. సన్నగా, ఎడతెగకుండా తుమ్మెద రొద. లయను ఊపిన వేగమే చెవికి అందే స్థాయిలో ఉండి, కొత్త చప్పుడైంది. అదీగాక, ఊయల రెండు కొసల్లోనూ కాస్త నిదానించినట్టు లయ కూడా కొసల్లో నిలిచి, శక్తి అక్కడ మళ్ళీ పోగుపడుతోంది. ఊపును చెవికందని వేగానికి పెంచి, కొసల దగ్గర త్వరగా మళ్ళేలా మార్చడానికి ఆయనకు దసరా ముందు వారం దాకా పట్టింది.

పిల్లకు నిజంగా వినబడుతోందో లేదో తేల్చే పరీక్షకు అంకారావు గారు ఒక షరతు పెట్టారు: బోర్డు వెలుగుతోందో లేదో పిల్లకు కనబడకూడదు. వెంకటేశ్వరమ్మ కోల్డ్ స్టోరేజీ నుంచి మిర్చి నింపే ఖాళీ గోనె టిక్కీలు తెచ్చి బోర్డుకు కప్పింది. గోనె కదలగానే గది గదంతా తుమ్ములు. ప్రధానోపాధ్యాయుల వారికి కళ్ళ నీళ్ళు ఆగలేదు.

"దులిపే తెచ్చానండీ!" అంది వెంకటేశ్వరమ్మ.

"దులపకపోతే ఇంకెట్టా ఉండేదో!" అన్నారు అంకారావు గారు ముక్కు తుడుచుకుంటూ. ఉదయశ్రీ టీచర్ సైగ చేస్తారేమోనన్న అనుమానంతో ఆయన మైకు తానే తీసుకుని వరండాలోకి నడిచారు. శ్రీరమ్య గోడ వైపు తిరిగి కూర్చుంది. టిక్కీల వెనుక బోర్డు నడుస్తోంది. ఆయన చాలా మెల్లగా అన్నారు: "ఈ పిల్లది నాటకం."

శ్రీరమ్య గిరుక్కున తిరిగింది. "కాదు సా," అంది. చివరి అక్షరం ఇంకా రాలేదు.

అంకారావు గారు మైకు తెచ్చి ఉదయశ్రీ టీచర్ చేతికిచ్చారు. యంత్రం వేరే పిల్లకి ఇచ్చే మాట మళ్ళీ ఎత్తలేదు.

ఉదయశ్రీ టీచర్ గత మార్చిలో కన్నుమూశారు. మా పాఠశాల పత్రిక ఈ సంచికలో ఈ విషయం రాయవలసినవారు ఆమే. శ్రీరమ్య ఇప్పుడు ఆరో తరగతి. శివనాగరాజు గారు సతీసమేతంగా ఆయురారోగ్యాలతో, మీటరు పక్కన పెట్టి నిద్రపోగలిగినంత నిశ్చింతగా, నిండు నూరేళ్ళు జీవించాలని సహోద్యోగులందరి ఆకాంక్ష.

మిగిలిన తరగతుల బోర్డులు విప్పడానికి దాత ఇంతవరకు అంగీకరించలేదు. ఆరో తరగతి బోర్డు వాటిలో ఒకటి. ఆ పని ఇంకా జరగలేదు.