పేరు మార్చిన ఫంక్షన్

హలో… ఆ, నేనే. దయామణినే… చెప్పు కిషోర్.

ఇవాళ అక్కనయ్యానేంటి? మొన్న క్లయింటు నారాయణరావు గారి ముందు "ఎవరో ఆవిడ టైపింగ్ చేసిందండీ, కోడంతా నాదే" అన్నావుగా…

ఎలా మర్చిపోతాను? నా పని పోయింది. నీకు కోడ్‌లో మొదటి ఫంక్షన్ రాయడం నేర్పించిన చెయ్యి ఇది. ఒళ్ళు మండిపోతోంది ఇప్పటికీ…

సర్లే, ఏడవకు. ఏం పాడైంది?… ఆయన మామిడికాయల వెబ్‌సైటా… పదకొండింటికి బయ్యర్లకి చూపించాలా. ఆయన పక్కనే ఉన్నారా?… మంచిది.

ఎర్రర్ చదువు… ఆ. నువ్వు కొత్తగా రాసిన రంగుల ఫంక్షన్‌లో రిటర్న్ లేదు. లెక్కంతా వేసి జవాబు చెప్పకుండా కూర్చుంది. చివర్లో రాయి… సేవ్ చెయ్యి… ఎర్రర్ పోయిందా?

పేజీ మాత్రం ముద్దగానే ఉందా… అక్షరాలన్నీ ఒకదాని మీద ఒకటా… ఎర్రర్ కూడా లేదా?

ఉండదు. సైజులు లెక్కేసే నా ఫంక్షన్ పేరు మార్చావా?… నిజం చెప్పు… నీ పేరు పెట్టుకున్నావా. రాసిన చోట మార్చి, పిలిచిన చోట్ల వదిలేశావు, అంతేనా…

మా నాన్న ప్రతి పెట్టె మీదా తోట గుర్తు వేసినట్టే, నేను నా ఫంక్షన్లకి నా పేరు పెట్టుకుంటాను. మా ఆగిరిపల్లిలో కాయ దొంగలు కూడా పై పెట్టె గుర్తొక్కటే చెరిపి ఊరుకోరు, కిషోర్.

తెలియని ఫంక్షన్ పేరు తగిలితే, మన కోడ్‌ని పేజీకి మార్చిపెట్టే కంపైలర్ అది తప్పని చెప్పదు. ఆ పేరునే ఉన్నదున్నట్టు బయటి ఫైల్లోకి పంపేస్తుంది.

బాగుచెయ్యడం చెప్తాను. ముందు స్పీకర్ ఆన్ చెయ్యి… చేస్తావా, పెట్టెయ్యనా?… ఆ.

బయటికొచ్చిన ఫైలు తెరువు. పైనుంచి చదువు… గట్టిగా… "దయామణి సైజ్"… తర్వాత?… "దయామణి సైజ్"… ఆపకు. నలభై చోట్లుంటాయి, రాసినదాన్ని నాకు తెలుసు.



సరే, చాలు. ఫంక్షన్ రాసిన ఆ ఒక్క చోట నీ పేరు తీసెయ్యి. నాది మళ్ళీ పెట్టు. నీ చేత్తోనే… సేవ్ చెయ్యి… పేజీ సర్దుకుందా?

…ఎవరండీ? నమస్కారమండీ నారాయణరావు గారూ… అవునండీ, మీరు విన్న పేరు నాదే… ఆ "ఎవరో ఆవిడ"ని నేనేనండీ…

వద్దండీ, ఫోన్ అతనికివ్వకండి. అతనితో నా పని అయిపోయింది.