కొంగలకి బత్తెం కట్టిన మాలకొండ

చేతిలో ఏడువేల రూపాయలంట మాలకొండకి, మొదలుపెట్టినప్పుడు. గేదెను అమ్మిన డబ్బు. మీసం ఇంకా సరిగ్గా కుదురుకోని కుర్రోడు, గానీ లెక్కల్లో మటుకు దిట్ట. చింతచెట్టు కింద నిలబడి తలెత్తి ఒక్క చూపు చూశాడనుకో, దీనికి ఇన్ని బస్తాల కాయ దిగుద్ది, ఈ ఏటి ధరకి ఇంత పలుకుద్ది అని చెప్పేసేవాడంట. దళారి వచ్చి తూకమేస్తే అంతే వచ్చేది. అట్టాంటోడు ఆ డబ్బు పెట్టి ఏం కొన్నాడనుకున్నారు? ఏమీ కొనలా. సంఘం పెట్టాడు. రేకుముక్క మీద తనే రంగేసి ‘కొంగల రక్షణ సంఘం, ముంతలపాడు’ అని రాసి ఊరి మొగదల కట్టాడంట. నవ్వబాక మే, కడదాకా విను.

ముంతలపాడులో ఇంటింటికీ దొడ్లో చింతచెట్టు. చలి తగ్గే ముందర ఎర్రకాళ్ల కొంగలు గుంపులుగుంపులుగా దిగి ఆ చెట్ల మీదే గూళ్లు కట్టేవంట. కాయ పండేదీ అప్పుడే, కొంగ పొదిగేదీ అప్పుడే. కాయ కోసం కొమ్మ దులిపితే గూడు పోయిద్ది. అందుకని ఎవురూ దులిపేవాళ్లు కాదు. ఆడబిడ్డ పురిటికొచ్చిందిరా అనేవాళ్లు. ఏ ఇంటి చెట్టు మీద ముందు కొంగ వాలితే ఆ ఇంటామె మొదలుకి పసుపు రాసి, శొంఠి, మిరియాలు, వాము, బెల్లం దంచి పురిటి కాయం చేసి ఇంటింటికీ ఉండ పంచేది. మాలకొండ పుట్టినప్పుడు వాడి పురిటి కాయమూ, కొంగల కాయమూ ఒకే పూట పంచారంట. వాడికి ఆ పిట్టలంటే ప్రాణం. తప్పేముంది?

ఏమైందంటే, ఒకరోజు టీ బంకు కాడ అంకయ్య, వాడిదే ఊళ్లో పెద్ద చెట్టు, “ఈ కొంగల మూలాన చింతపండంతా రాలి మట్టిపాలైపోతాందిరా” అని సణిగాడంట. సణగడం అంటే ఏందనుకున్నారు, అల్లుడు ఇంటికొస్తే కోళ్లన్నీ తింటున్నాడని అత్త సణగదూ, అట్టా. కోడిని కోస్తానే సణుగుద్ది. ఏడాదేడాదీ అదే సణుగుడు. గానీ మాలకొండ దాన్ని నిజమనుకున్నాడంట. ఇయ్యాల సణిగినోడు రేపు చెట్టు కొట్టేస్తే? అని రాత్రంతా లెక్క కట్టాడు. తెల్లారి ఇంటింటికీ పోయి, మావా, నీకు పోయిన పండు ఖరీదు ఇంత, ఇదుగో సంఘం ఇస్తాంది అని చేతిలో పెట్టాడంట. అంకయ్య డబ్బు వంక చూసి, వాడి వంక చూసి, “ఇంత పోతాందా నాకు?” అన్నాడంట. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

వెంగమ్మవ్వ ఒక్కతే వద్దంది. “నా బిడ్డ పురిటికొస్తే నువ్వు బత్తెం ఇస్తావంట్రా, సిగ్గులేనోడా” అని చీపురు తీసింది. వీడు వదిల్తేగా. “అందరికీ ఇచ్చి నీకు ఇవ్వకపోతే సంఘానికి మాటొచ్చిద్ది అవ్వా, లెక్క లెక్కే” అని బతిమాలి బతిమాలి ముసల్దాని కొంగున ముడేసి పోయాడంట.

పట్నంలో పెద్ద సంఘం వాళ్లకి ఈ కబురు తెలిసి జీపులో వచ్చారు. ఫొటోలు తీసుకున్నారు, వీడికి దండేశారు, మరుసటేడు బత్తెం మేమిస్తామన్నారు. ఇచ్చారు కూడా, అబద్ధమెందుకు. మాలకొండ నేల మీద నడవలేదంట ఆ ఏడు. గానీ కొంగలు దిగితే ఒక్కింట్లోనూ కాయం దంచిన చప్పుడు లేదు. ఏమ్మే, కాయం లేదా అంటే, “సంఘం బిడ్డలు గదా, సంఘాన్నే చెయ్యమను” అన్నారంట. ముందు పిల్లకొంగ గూట్లోంచి జారిపడితే ఏ ఇంటోళ్లు ఆ ఇంట గంప కింద పెట్టి చేపపిల్లలు మేపేవాళ్లా, ఇప్పుడు గడపలో కూర్చునే కేక. “ఒరే మాలకొండా, నీ కొంగ పడిందిరో!” వీడు ఈ దొడ్లోంచి ఆ దొడ్లోకి పరుగు. వీడు పోయేసరికి కుక్క పట్టకపొయ్యేది. ఎన్నింటి కోసమని ఒక్కడు పరిగెత్తుతాడు చెప్పండి.

ఆ పై ఏడు పట్నం నించి కబురొచ్చింది. ఈసారి మా డబ్బంతా సముద్రం తాబేళ్లకి పోయింది, మీరే సర్దుకోండి అని. మాలకొండ కాడ ఏముంది? రేకుముక్క ఉంది. అంకయ్య కాళ్లు పట్టుకున్నాడంట. “మావా, ఈ ఒక్క ఏడు ఊరికే ఉంచు. ఇదివరకంతా ఊరికే ఉంచలేదా?” అంటే, అంకయ్య కోప్పడలేదంట, అదే నొప్పి. నిమ్మళంగా అన్నాడంట, “ముందు నాకేం పోతాందో నాకు తెలవదురా. తెలియజెప్పింది నువ్వే. తెలిసినాక ఎట్టా పోగొట్టుకునేది?” పొడుగాటి గెడలు తెచ్చి దులిపారు. గుడ్లు, పుల్లలు, కళ్లు తెరవని పిల్లలు, కాయతో కలిపి గోనెపట్టల మీద రాలాయంట. ఆడోళ్లు ఏరి పక్కన పోశారు. కొంగలు మూడు పూటలు ఊరి మీదే తిరిగినయ్యంట, కేక లేకండా. ఎర్రకాళ్ల కొంగకి పెద్దగా గొంతుండదు, తెలుసా మీకు? ముక్కు టకటకమనిపిచ్చుద్ది, అంతే. చెరువు దాటి ఎటో పోయినయ్. ఇంక చెట్టెందుకని ఎండాకాలంలో అంకయ్య ఇటికబట్టీకి కొట్టించాడు. వాణ్ని చూసి తతిమ్మావాళ్లు.

మళ్లీ చలి తగ్గింది. కొంగ రాలా. వెంగమ్మవ్వ చెట్టు మిగిలే ఉందనుకో, ఒక్క చెట్టుని చూసి మంద దిగుద్దా? మాలకొండ పోయి ఆ మొదట్లో కూలబడ్డాడంట. “నీ చెట్టుక్కూడా రాలేదే అవ్వా” అన్నాడు. “ఎందుకొస్తాయిరా? నేనూ తీసుకున్నాగా. తీసుకున్నాక ఇది పుట్టిల్లెట్టా అయిద్ది, సత్రం గానీ” అంది ముసల్ది. తిట్టను కూడా తిట్టలేదంట.

వీడు లేచాడు. పోయి శొంఠి కొనుక్కొచ్చాడు, మిరియాలు కొనుక్కొచ్చాడు. “దంచిపెట్టవ్వా” అంటే, బిడ్డ రాకండా కాయం చేస్తారంట్రా ఎవురన్నా, అని కళ్లొత్తుకుంటానే దంచిందంట. ఏమైందంటే, అంకయ్య కొట్టిన మోడుకి చిగురొచ్చింది. రేపో మాపో పొయ్యిబొగ్గులు పోసి దాన్నీ కాలుస్తాడని వీడి చెవిన పడింది. దాన్ని ఉంచు, డబ్బిస్తానని అనేదానికి జేబులో చిల్లిగవ్వ లేదు. ఉన్నా ఈసారి అనడు. గిన్నె నిండా కాయం ఉండలు పట్టుకుని పోయి అంకయ్య గుమ్మంలో నిలబడ్డాడంట. పురుడు లేని ఊళ్లో పురిటి కాయం! లోపల అంకయ్య దగ్గుతానే ఉన్నాడు, దీపం వెలుగుతానే ఉంది. ఎంత లెక్కలొచ్చినోడైతేనేం, ఏమని పిలవాలో ఆ ముక్క రాలేదంట వాడికి. కాయం అందుకునేది ఇంటామె గదా అత్తా అని పిలుద్దామా, మోడు అంకయ్యది గదా మావా అని పిలుద్దామా అనుకుంటా, గొళ్లెం మీద చెయ్యేశాడు.