బోర్లించిన హారీతి

ఆ ఇటుకల దిబ్బ వెనకాల పాడుబడ్డ బావి ఉందే, అటువైపు మేకలు కూడా మొహం పెట్టవు, చూశారా ఎప్పుడైనా? ఎందుకో చెప్తా, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి.

మా నాయనమ్మ చిన్నప్పుడట, వీరనాగులని ఒకడు ఇల్లు కట్టుకుంటా ఆ దిబ్బ మీద ఇటుకలు తవ్వుకొచ్చాడు, ఇటుకలతో ఊరుకున్నాడా, ఓ పెద్ద పలకరాయి కూడా బండికెత్తుకొచ్చి, బొమ్మ చెక్కిన వైపు కిందకి బోర్లించి, బట్టలుతుక్కోవే అని పెళ్లాం ఆదెమ్మకి పెరట్లో వేసిచ్చాడు. ఆదెమ్మ ఆ బొమ్మ చూడనే లేదు పాపం.

అప్పటికి ఆవిడకి ఇద్దరు పిల్లలు పోయారు, మూడోది ఏడు నెలల ఆడపిల్ల, దాన్ని కళ్లలో వత్తులేసుకుని కాచుకుంటోంది. ఇహ ఆ రాయి మీద గుడ్డ బాదినప్పుడల్లా ఉయ్యాల్లో పిల్ల కెవ్వుమనేది, బాదడం ఆపితే ఏడుపాగేది. మొగుడితో చెబితే, చప్పుడుకి జడుసుకుంటోందిలే అన్నాడట, కాబోలనుకుని ఆవిడా ఊరుకుంది.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం గుడ్డలు ఆరేసొచ్చి చూస్తే ఉయ్యాల ఊగుతోంది, పిల్ల లేదు. ఏం చేస్తుంది? పొయ్యి వెనకా, గాదె కిందా వెతికి, వీధిన పడి పరిగెత్తి, ఎవరో ఈడ్చినట్టు ఆఖరికి ఈ బావి దగ్గరికే వచ్చింది. గట్టు మీద ఒక ఆడమనిషి, ఇంత పొడుగు, పెదవి మీదకొచ్చిన కోరలు, ఒళ్లో ఆదెమ్మ పిల్లే, పాలు తాగుతోంది.

కాళ్ల మీద పడి, నా పిల్లని నాకిచ్చెయ్యి తల్లీ అని ఏడ్చింది.

"నా బిడ్డని మట్టిలోకి బోర్లేసి రోజూ బాదుతున్నావుగా, ఒక్క మాటన్నానా?" అందట ఆవిడ.

ఆవిడెవరనుకున్నారు? హారీతి. ఒకప్పుడు ఊళ్ల మీద పడి పిల్లల్ని తిన్న యక్షిణి. బుద్ధుడు ఆవిడ కడగొట్టు బిడ్డని భిక్షాపాత్ర కింద దాచేసరికి, కడుపుకోతంటే ఏంటో తెలిసొచ్చి, ఇకనుంచి పిల్లలకి కాపలా ఉంటానని ఒట్టేసిందట. ఆ దిబ్బ ఒకప్పుడు బౌద్ధ భిక్షువులుండే చోటు, వాళ్లున్నన్నాళ్లూ రాతి మీది ఆవిడ బొమ్మకి రోజూ ఓ ముద్ద పెట్టేవాళ్లు. వాళ్లు పోయాక ఎవరు పెడతారు?

రోజూ బాదేది ఆ పలకరాయినేగా అని తట్టి, ఆదెమ్మ ఇంటికి పరిగెత్తి గునపంతో రాయి తిరగేసింది. కోరలున్న తల్లి, ఒళ్లో బిడ్డ, బిడ్డ మొహం మట్టిలో ఒరుసుకుని అరిగి నున్నగా అయిపోయి ఉంది. వీరనాగులు అడ్డమొచ్చి, రాయి ఇస్తే పిల్లొస్తుందా, పిచ్చిదానా అంటే, "పట్టు, లేకపోతే పక్కకి పో" అందట. అంత మాట ఆవిడ ఎన్నడూ అని ఎరగదు. తాడు కట్టి ఒక్కతే లాగుతుంటే చూళ్లేక వాడూ ఓ చెయ్యేశాడు.

బావి దగ్గర రాయి నిలబెట్టి, మట్టి కొంగుతో తుడిచి, అన్నం ముద్ద పెట్టి తలెత్తితే, పిల్ల గట్టు పక్కన గడ్డిలో పడుకుని ఉంది, పెదాల మీద పాలింకా ఆరలేదు.

బతికింది, పెరిగింది, దానికీ పిల్లలు పుట్టారు. కానీ ఆ పిల్ల ఆనాటి నుంచి ఆదెమ్మ రొమ్ము ముట్టలేదు, నోరారా అమ్మా అని పిలవనూ లేదు. ఆకలేస్తే బావివైపు తిరిగి ఏడ్చేదట. ఆదెమ్మ పోయేదాకా రోజూ ముద్ద పెట్టొచ్చేది, ఆ తర్వాత ఎవరూ పెట్టలేదు.

అందుకని, ఇటుకలు కావాలంటే బట్టీకి పొండి, ఆ దిబ్బ జోలికి మాత్రం పోకండి. హారీతి మంచిదే, నేను కాదన్లేదు. ఆకలి మీదుంది, అంతే.